మెడ బిగుతుతో వచ్చే తలనొప్పి: కైరోప్రాక్టరా, ఫిజియోథెరపిస్టా, మందులా?

ముచ్చిలిగుంట దగ్గర మొదలై, పెడతల మీదుగా పాకి, చివరికి కంటి వెనక తిష్ట వేసే నొప్పి ఇది. మాత్ర వేసుకుంటే తగ్గుతుంది, మర్నాడు మళ్లీ వస్తుంది. మెడ అటూ ఇటూ తిప్పి ‘టక్’మనిపిస్తే పది నిమిషాలు హాయిగా ఉంటుంది. దీంతో వేగేవాళ్లు ఏదో ఒక రోజు, వెన్ను, మెడ కీళ్లను చేతులతో సవరించే కైరోప్రాక్టర్ వీడియో చూస్తారు. ఆ ఒక్క ‘టక్’తో పీడ విరగడవుతుందా అని ఆశపడతారు. కొందరికి చాలావరకు తగ్గుతుంది, కొందరికి చిన్నమెత్తు తేడా కూడా ఉండదు, బహు కొద్దిమందికి అది ప్రమాదం. ఎవరి దగ్గరికి వెళ్లాలన్నది తర్వాత. ముందు తేలాల్సింది, మీది అసలు ఏ తలనొప్పి అన్నది.

ముందు నొప్పి పేరు తేలాలి

మెడ పట్టేసినట్టుండే తలనొప్పులు ముఖ్యంగా మూడు.

మొదటిది సెర్వికోజెనిక్ తలనొప్పి. పుట్టేది మెడలో, తెలిసేది తలలో. మెడలో అన్నిటికంటే పైనున్న మూడు జతల నరాలూ, ముఖం నుంచి వచ్చే ట్రైజెమినల్ నరమూ లోపల ఒకే కేంద్రంలో కలుస్తాయి. అందుకే పైమెడ కీలులో ఇబ్బంది ఉంటే మెదడు దాన్ని నుదుటి నొప్పిగానో కంటి నొప్పిగానో పొరబడుతుంది. ఇది సాధారణంగా ఒకే పక్క వస్తుంది, ఈసారి కుడి, వచ్చేసారి ఎడమ అని పక్కలు మార్చదు. వెనక్కి తిరిగి చూసినా, చాలాసేపు తల వంచి కూర్చున్నా పెరుగుతుంది. మెడ ఒకవైపు తక్కువ తిరుగుతుంది.

దీన్ని పట్టుకోవడానికి మంచి పరీక్ష ఒకటుంది. మిమ్మల్ని వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం ఛాతీకి ఆనేదాకా మెడ వంచి, ఆ వంపు సడలకుండా తలను మెల్లగా ఒక పక్కకు, తర్వాత రెండో పక్కకు తిప్పుతారు. మెడ పూర్తిగా వంగి ఉన్నప్పుడు కిందికీళ్లు బిగుసుకుంటాయి కాబట్టి, తిరిగేదల్లా దాదాపుగా మొదటి రెండు వెన్నుపూసల మధ్యే. మామూలుగా ప్రతి వైపూ 44 డిగ్రీల దాకా తిరగాలి. ఒకవైపు 32 డిగ్రీలకు అటూఇటూగా ఆగిపోతే అనుమానం బలపడుతుంది. ఇంట్లో ఎవరిచేతా చేయించుకోకండి, తెలిసినవాళ్లు చేయాల్సిన పరీక్ష. కానీ మీరు వెళ్లిన చోట ఈ పరీక్షగానీ, ఇలాంటిది ఇంకోటిగానీ చేయకుండానే ‘మెడ పక్కకు జరిగింది’ అని తేల్చేస్తే, అక్కడ తొందర ఎక్కువని గ్రహించాలి.

రెండోది టెన్షన్ తలనొప్పి. మన వాడుకలో టెన్షన్ అంటే దిగులు, కంగారు కాబట్టి ‘నాకేం టెన్షన్లు లేవే’ అని చాలామంది దీన్ని కొట్టిపారేస్తారు. అసలు తల చుట్టూ పట్టీ బిగించినట్టుండే బిగుతే దీని గుర్తు. రెండు వైపులా ఉంటుంది, పోటు పెట్టదు, నడిచినా మెట్లెక్కినా పెరగదు, 30 నిమిషాల నుంచి 7 రోజుల దాకా ఉండొచ్చు. మెడ, భుజాల కండరాలు నొక్కితే నొప్పిగా ఉంటాయి.

మూడోది మైగ్రేన్. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. మైగ్రేన్ వచ్చేముందూ వచ్చాకా మెడ పట్టేయడం చాలా మామూలు. ‘మెడ పట్టింది, అందుకే తల నొస్తోంది’ అనుకుంటారుగానీ, తరచుగా అసలు సంగతి తిరగబడి ఉంటుంది: మైగ్రేన్ మొదలైంది కాబట్టే మెడ పట్టింది. వెలుగు, చప్పుడు భరించలేకపోవడం, వికారం, పోటు, చీకటి గదిలో పడుకోవాలనిపించడం ఉంటే మెడ చికిత్సకంటే మైగ్రేన్ చికిత్స ముందు.

వీటి పైన ఇంకో చిక్కు ఉంది. పారాసెటమాల్, ఐబుప్రోఫెన్ లాంటి మాత్రలు నెలకు 15 రోజులు, ట్రిప్టాన్లు (మైగ్రేన్ మాత్రలు) లేదా ఒకే మాత్రలో రెండుమూడు మందులు కలిసినవి నెలకు 10 రోజులు, ఇలా 3 నెలలకు మించి వాడుతూ వస్తే ఆ మందులే రోజూ తలనొప్పి తెప్పించగలవు. ఈ దశలో ఎవరు మెడ ఎంత సవరించినా ఫలితం అంతంతమాత్రమే. డాక్టరు సలహాతో మాత్రలు తగ్గించుకోవడం మొదటి పని.

కైరోప్రాక్టర్ బల్ల మీద ఏం జరుగుతుంది

ముందు కూర్చోబెట్టి మెడ ఎటు ఎంత తిరుగుతోందో చూస్తారు. పడుకోబెట్టి పుర్రె కింద అంచు నుంచి ఒక్కో వెన్నుపూస పక్కనా వేళ్లతో తడుముతారు. ఎక్కడ కదలిక బిరుసుగా ఉందో, ఎక్కడ నొక్కితే మీ అలవాటైన తలనొప్పి అచ్చంగా లేస్తుందో వెతుకుతారు. తర్వాత ఆ కీలును దాని హద్దు దాకా తీసుకెళ్లి, అక్కడ అతి తక్కువ దూరం, అతి వేగంగా ఒక్క తోపు ఇస్తారు. మెడ సవరణ అంటే ఇదే. కళ్లు మూసి తెరిచేంతలో అయిపోతుంది. ‘టక్’ అనేది ఎముక స్థానంలోకి వచ్చి కూర్చున్న చప్పుడు కాదు. కీలులోని జిగురు ద్రవంలో ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయి వాయువు బుడగ కట్టడం వల్ల వస్తుంది, మెటికలు విరిచినప్పటిలాగే. చప్పుడు రాకపోయినంత మాత్రాన చికిత్స ఫలించలేదని కాదు. వచ్చినంత మాత్రాన ఫలించిందనీ కాదు.

కైరోప్రాక్టిక్‌ను 1895లో అమెరికాలో డి.డి. పామర్ మొదలుపెట్టారు. పక్కకు జరిగిన వెన్నుపూసలు నరాలను నొక్కడమే దాదాపు సకల రోగాలకూ మూలమన్నది తొలినాటి సిద్ధాంతం. ఇప్పటికీ ఆ మాటే చెప్పేవాళ్లున్నారు. కీళ్లు, కండరాల వరకే పరిమితమై వ్యాయామాలు కూడా నేర్పేవాళ్లూ ఉన్నారు. ఒకే బోర్డు వెనక ఈ ఇద్దరిలో ఎవరైనా ఉండొచ్చు. మీకు కావాల్సింది రెండోవాళ్లు.

మెడ తోయించుకోవాలంటే భయమేసేవాళ్లకు మెల్లని దారులున్నాయి. చిన్న స్ప్రింగ్ పరికరంతో తట్టడం ఒకటి, తోపు లేకుండా కీలును లయగా ఊపడం ఇంకొకటి. వీపు పైభాగాన్ని మాత్రమే సవరించడం మూడోది. అక్కడ సవరిస్తే మెడను ముట్టుకోకుండానే కొందరికి మెడ కదలిక పెరుగుతుంది. మొదటి రెండు మూడు సిట్టింగులకు నేనైతే వీటినే అడగమంటాను.

ఫలితం ఎంత?

సెర్వికోజెనిక్ తలనొప్పికి ఉన్న ఆధారం మెరుగ్గానే ఉంది. 2018లో అచ్చయిన అమెరికా అధ్యయనంలో 256 మందిని నాలుగు గుంపులు చేశారు. 6 వారాల్లో ఒక గుంపుకు అసలు మెడ సవరణ లేదు, మిగతావాళ్లకు 6, 12, 18 సార్లు చేశారు. సవరణ లేని సిట్టింగుల్లో తేలికపాటి మర్దన చేశారు. 18 సార్లు చేయించుకున్నవాళ్లకు 4 వారాల్లో తలనొప్పి ఉండే రోజులు దాదాపు 16 నుంచి 8కి దిగాయి. వినడానికి బాగుంది. కానీ గుంపుల మధ్య తేడా లెక్క చూస్తే, అదనంగా చేసిన ప్రతి 6 సిట్టింగులకూ 4 వారాల్లో సుమారు ఒక్క తలనొప్పి రోజే తగ్గింది. వచ్చిన నొప్పి తీవ్రతలో చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే 6 దగ్గర ఆగాలా 18 దాకా వెళ్లాలా అన్నది, నెలలో మిగిలే ఆ రెండు రోజులకు మీరు ఎంత సమయం, ఎంత డబ్బు పెట్టగలరన్న లెక్కే.

టెన్షన్ తలనొప్పి కథ వేరు. డెన్మార్క్‌లో 75 మందితో చేసిన పరీక్ష ఫలితాలు 1998లో వచ్చాయి. కండరాల మర్దనకు తోడు మెడ సవరణ చేసినవాళ్లూ, మర్దనకు తోడు ఉత్తుత్తి లేజర్ పెట్టినవాళ్లూ ఒకేలా మెరుగయ్యారు. సవరణ వల్ల అదనంగా ఒరిగింది లేదు. మైగ్రేన్‌కైతే నార్వేలో 104 మందితో చేసి 2017లో ప్రచురించిన అధ్యయనంలో నకిలీ సవరణ చేయించుకున్నవాళ్లకూ తలనొప్పి రోజులు తగ్గాయి. అది నమ్మకం వల్ల కలిగిన గుణమే అయ్యుండాలని పరిశోధకులే తేల్చారు.

ఫిజియోథెరపీతో పోలిస్తే

నిజమైన పోటీ వీటి మధ్యే. ఇద్దరూ చేతులతోనే కీలు కదిలిస్తారు. కాకపోతే కైరోప్రాక్టర్ వేగమైన తోపు వైపు మొగ్గుతారు, ఫిజియోథెరపిస్ట్ మెల్లని ఊపు, వ్యాయామం వైపు మొగ్గుతారు. ఆస్ట్రేలియాలో 200 మంది సెర్వికోజెనిక్ రోగులతో చేసి 2002లో ప్రచురించిన అధ్యయనం ఇక్కడ అక్కరకొస్తుంది. చేతి చికిత్స ఒక్కటే ఇచ్చినా, వ్యాయామం ఒక్కటే ఇచ్చినా తలనొప్పి తగ్గింది, 12 నెలల తర్వాత చూసినా ఆ మేలు నిలిచింది. రెండూ కలిపితే గుణం కనిపించినవాళ్లు ఇంకొంచెం ఎక్కువమందే అయినా, ఆ తేడా గట్టిగా చెప్పుకునేంతది కాదు.

ఆ వ్యాయామం చూడ్డానికి మరీ తేలిక. చేయడానికి కాదు. వెల్లకిలా పడుకుని తల కింద పల్చటి మడత తువ్వాలు పెట్టుకోవాలి. తల ఎత్తకుండా, పెడతల తువ్వాలు మీదే పైకి జారేలా, ‘ఊఁ’ అని తలూపినంత మేర గడ్డం లోపలికి దించాలి. 10 సెకన్లు పట్టి ఉంచి వదలాలి, ఇలా 10 సార్లు. క్లినిక్‌లో మెడ కింద గాలి సంచి పెట్టి, దాని ఒత్తిడి చూపే ముల్లు 20 దగ్గర మొదలుపెట్టి 22, 24 అంటూ 30 మిల్లీమీటర్ల పాదరసం దాకా మెట్టుమెట్టుగా పెంచుతారు. అందరూ చేసే తప్పు ఒకటే: బలం పెట్టేస్తారు. అప్పుడు మెడ ముందు రెండు పక్కలా తాళ్లలా కనిపించే పైకండరాలు పని లాగేసుకుంటాయి, లోపలివి నిద్రపోతాయి. రెండు వేళ్లు ఆ తాళ్ల మీద ఆనించి ఉంచండి. అవి బిగుసుకున్నాయంటే మీరు ఎక్కువ చేస్తున్నారు, సగానికి తగ్గించండి. పళ్లు బిగబట్టినా ఊపిరి బిగబట్టినా అదే లెక్క.

రెండోది తువ్వాలు పద్ధతి. మెడ కుడివైపు తిరగడం తక్కువగా ఉందనుకోండి. సన్నని తువ్వాలు అంచును పుర్రె కింద, ముచ్చిలిగుంటకు ఆనించాలి. కుడి భుజం మీదుగా వచ్చే కొసను ఎడమచేత్తో ఛాతీ దగ్గర అదిమి పట్టాలి. ఎడమ చెంప మీదుగా వచ్చే కొసను కుడిచేత్తో నేలకు సమాంతరంగా లాగుతూ, ఆ లాగుడుతోపాటే తల కుడివైపు తిప్పాలి. చివర్లో రెండు మూడు సెకన్లు ఆగి వెనక్కి రావాలి. రెండుసార్లు చాలు, పొద్దున రెండు, సాయంత్రం రెండు. నొప్పి అస్సలు రాకూడదు. వచ్చిందంటే తువ్వాలు కిందికి జారి ఉంటుంది, లేదా కొసను కిందికి లాగుతున్నారు. ఒకసారి ఫిజియోథెరపిస్ట్ ఎదుట చేసి చూపించుకున్నాకే ఇంట్లో మొదలుపెట్టండి. 32 మందితో 2007లో చేసిన చిన్న పరీక్షలో, ఉత్తుత్తి వ్యాయామం చేసినవాళ్లకంటే దీన్ని చేసినవాళ్లకు తలనొప్పి తగ్గింది, 12 నెలల తర్వాత కూడా ఆ తేడా నిలిచింది.

మిగతా దారులు

మసాజ్ టెన్షన్ తలనొప్పి ఉన్న కొందరికి ఉపశమనం ఇస్తుంది, ప్రమాదం దాదాపు లేదు. చిక్కల్లా గుణం ఎన్నాళ్లో నిలవదు. పుర్రె కింద చిన్న కండరాలనూ, భుజం పైకండరాన్నీ మెత్తగా, ఓపిగ్గా నొక్కేవాళ్లు కావాలి. నూనె రాసి చివర్లో తల పట్టుకుని రెండు వైపులా విరిచేవాళ్లు వద్దు. శిక్షణ లేనివాళ్లు మెడ విరవడం ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే చెడ్డ బేరం.

ఆక్యుపంక్చర్‌ను తరచూ వేధించే టెన్షన్ తలనొప్పికి వాడి చూడొచ్చు. బ్రిటన్ ఆరోగ్య మార్గదర్శకాలు 5 నుంచి 8 వారాల్లో 10 సిట్టింగుల వరకు పరిశీలించవచ్చంటాయి. తలనొప్పి రాకుండా చూసే అమిట్రిప్టిలిన్ లాంటి మందు రాత్రిపూట చిన్న మోతాదులో, తరచుగా 10 మిల్లీగ్రాములతో, డాక్టర్లు మొదలుపెడతారు. నోరు ఎండడం, పొద్దున మత్తు మామూలు. నెలలో సగం రోజులు తలనొప్పే అయితే దీని గురించి అడగడం దండగ కాదు.

ఇక సూదిమందు. పెడతల నరం దగ్గర మత్తుమందు ఇస్తే నొప్పి తగ్గడమే కాదు, కొంతవరకు ఆచూకీ కూడా దొరుకుతుంది. మెడ కీలుకో దాని నరానికో గురిచూసి ఇచ్చిన సూదితో తలనొప్పి మాయమైతే మూలం మెడలోనే ఉందన్నదానికి అంతకంటే మంచి సాక్ష్యం లేదు. చేతి చికిత్స, వ్యాయామం 6 నుంచి 12 వారాలు సరిగ్గా చేసినా లొంగని నొప్పికే ఇది.

ప్రమాదం సంగతి దాచకుండా

మెడ సవరణ తర్వాత ఒకటి రెండు రోజులు మెడ సలుపు, కొంచెం తలనొప్పి, అలసట దాదాపు సగం మందికి వస్తాయి, పోతాయి. భయపడాల్సింది మెడ ధమని చీలికకు. వెర్టిబ్రల్ ధమని మొదటి రెండు వెన్నుపూసల దగ్గర మెలి తిరిగి పుర్రెలోకి వెళ్తుంది. దాని లోపలి పొర చీలి గడ్డ కడితే పక్షవాతం రావచ్చు. ఇది చాలా అరుదు. సవరణే చీల్చిందా, లేక చీలిక నొప్పితోనే మనిషి కైరోప్రాక్టర్ దగ్గరికి వెళ్లాడా అన్నది తేలని పంచాయితీ. కెనడాలో 818 స్ట్రోకులను పరిశీలించి 2008లో ఇచ్చిన నివేదికలో, స్ట్రోకుకు ముందు కైరోప్రాక్టర్‌ను కలవడానికి ఎంత సంబంధం కనిపించిందో మామూలు డాక్టర్‌ను కలవడానికీ దాదాపు అంతే కనిపించింది. అయినా అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2014లో, సవరణకు ముందు ఈ ప్రమాదం గురించి రోగికి చెప్పాలంది. ఈ వాదం ఎటు తేలినా మనం చేయాల్సింది మారదు. చీలిక మొదట్లో సరిగ్గా ‘మెడనొప్పి, తలనొప్పి’ లాగే ఉంటుంది కాబట్టి, మునుపెన్నడూ ఎరగని కొత్తరకం నొప్పితో ఎవరి బల్లా ఎక్కకూడదు.

కళ్లు తిరగడం, వస్తువులు రెండుగా కనిపించడం, మాట ముద్దగా రావడం, మింగలేకపోవడం, తూలడం, ముఖం మొద్దుబారడం, ఒక కనురెప్ప వాలిపోవడం: వీటిలో ఏదున్నా మెడ చికిత్స ఆపి ఆసుపత్రికి వెళ్లాలి. ఒక్క నిమిషంలో తారాస్థాయికి చేరే తలనొప్పి, జ్వరంతో మెడ బిగుసుకోవడం, దెబ్బ తగిలాక మొదలైన నొప్పి కూడా అంతే. 50 ఏళ్లు దాటాక కొత్తగా మొదలైన తలనొప్పిని ముందు డాక్టరే చూడాలి. కణత ముట్టుకుంటే నొప్పిగా ఉన్నా, నమిలేటప్పుడు దవడ నొచ్చినా అదే రోజు.

రుమటాయిడ్ ఆర్థరైటిస్, డౌన్ సిండ్రోమ్, బోలు ఎముకల జబ్బు, మెడ ఆపరేషన్, క్యాన్సర్, కీళ్లు అతిగా వంగే జన్యు సమస్య ఉన్నవాళ్లకు, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లకు మెడ తోపు వద్దు. చేతులు మొద్దుబారి బొత్తాలు పెట్టుకోవడం కష్టమవుతుంటే వెన్నుపాము నలుగుతోందేమో చూపించుకోవాలి.

మరి ఎవరికి ఏది?

ఒకే పక్క నొప్పి, మెడ అటు తిరగదు, పరీక్షలో కీలు బిగుతు స్పష్టంగా దొరికింది: ఫిజియోథెరపీతో మొదలుపెట్టండి, చేతి చికిత్స, వ్యాయామం కలిపి. దగ్గర్లో మంచి ఫిజియో లేక, వ్యాయామాలు నేర్పే అర్హతగల కైరోప్రాక్టర్ ఉంటే ఆయన దగ్గరికే వెళ్లండి, పెద్ద తేడా రాదు. బోర్డు మీద రాసిన పదంకంటే ఆ చేతుల వెనకున్న మనిషి ముఖ్యం. తల చుట్టూ పట్టీ బిగించినట్టుంటే మసాజ్, వ్యాయామం, నిద్ర చాలు, తోపు అక్కర్లేదు. వికారం, వెలుగు పడకపోవడం ఉంటే న్యూరాలజిస్ట్. మాత్రలు వారంలో మూడు నాలుగు రోజులు నడుస్తుంటే మొదట ఆ లెక్క తేల్చుకోండి.

మొదటిసారి వెళ్లినప్పుడు వాళ్లు మిమ్మల్ని ఎన్ని ప్రశ్నలు అడుగుతారో గమనించండి. దెబ్బలు, మందులు, కళ్లు తిరగడం గురించి అడగకుండా మెడ పట్టుకునేవాళ్ల దగ్గర్నుంచి లేచి వచ్చేయొచ్చు. ‘మెడ తోయకుండా చేయగలరా?’ అని మీరూ అడగండి. ‘చేయలేం’ అన్నది కూడా ఒక జవాబే. ప్రమాద సూచనలు లేకుండానే వెన్నంతటికీ ఎక్స్‌రే తీయాలన్నా, మెడ వంపు నిటారుగా ఉందని బెదిరించినా, ఆరు నెలల ప్యాకేజీకి ముందే డబ్బు కట్టమన్నా సున్నితంగా వద్దనండి. నిటారు మెడలు ఏ నొప్పీ లేనివాళ్ల ఎక్స్‌రేల్లోనూ కనిపిస్తాయి.

చికిత్సకు ముందు వీలైతే 4 వారాలు, కనీసం 2 వారాలు, ఒక కాగితం మీద మూడు గడులు నింపండి: తలనొప్పి వచ్చిందా, 10కి ఎంత, ఏ మాత్ర ఎన్ని. చికిత్స మొదలయ్యాకా ఆపొద్దు. 6 సిట్టింగులకు రోజులూ మాత్రలూ ఏ కొంచెమూ తగ్గకపోతే పద్ధతి మార్చండి, ఏడోదానికి వెళ్లకండి. మూడోవంతు తగ్గితే ఇంకో ఆరు చేయించుకోవచ్చు. సగం తగ్గితే సిట్టింగులు వారానికి ఒకటి చేసి, వ్యాయామం రోజూ చేస్తూ, తర్వాత వారానికి మూడు రోజులకు దించండి. సిట్టింగు రోజు బాగుండి మూడో రోజుకల్లా నొప్పి మళ్లీ మొదటికొస్తోందంటే కీలు కదులుతోందిగానీ దాన్ని నిలబెట్టే కండరం ఇంకా లేవలేదని. అప్పుడు పెంచాల్సింది సిట్టింగులు కాదు, ఆ 10 సెకన్ల తలూపు.